పాత స్పీకర్లు మార్చుకునే ముందు

దసరా, దీపావళి దగ్గర పడుతున్నాయంటే చాలు, పేపరు తెరవగానే ఎక్స్ఛేంజి ప్రకటనలు కళ్ళబడతాయి. పాత ఫ్రిజ్ తెండి, పాత టీవీ తెండి, కొత్తదాని ధరలో ఇంత తగ్గిస్తామంటూ ఊరిస్తాయి. ఈ వరసలోనే ఖరీదైన ఆడియో సామాను అమ్మే దుకాణాలు కూడా పాత స్పీకర్లు తీసుకుని కొత్తవాటి మీద మినహాయింపు ఇస్తామంటాయి.

మార్పిడి బేరం మన ఇళ్ళకు కొత్తేమీ కాదు. పాత జరీ చీరలు కొంటామని వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాడికి అమ్మమ్మ నాటి పట్టుచీర ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్న ఇళ్ళు ఎన్నో! మడతల దగ్గర చిరిగింది కదా, ఇంకెందుకులే అని మనం ఇచ్చేవాళ్ళం. అతనికి చిరుగుతో పనేముంది? అంచు కరిగిస్తే వెండి ఎంత వస్తుందన్నదే అతని లెక్క. పాత స్పీకర్ల బేరం కూడా అచ్చం ఇలాంటిదే. వస్తువు విలువ ఎదుటివాడికి తెలిసి మనకు తెలియకపోతే నష్టం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

అవి మన ఇళ్ళకు ఎలా వచ్చాయి?

1991కి ముందు దిగుమతి సుంకాలు భారీగా ఉండేవి. మంచి విదేశీ స్పీకర్లు మన దేశంలో కొనడం సామాన్యులకు అయ్యే పని కాదు. దుబాయిలోనో, కువైట్‌లోనో, అమెరికాలోనో ఉన్న అన్నయ్యో, బావగారో సెలవుల్లో వస్తూ ఒక జత తెచ్చేవారు. లేదా కలకత్తాలో 1970లో మొదలైన సొనోడైన్ వంటి స్వదేశీ కంపెనీల పెట్టెలు ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టి కొనుక్కునేవారు.

బరంపురంలోనో, షోలాపూరులోనో, బెంగుళూరులోనో స్థిరపడిన మన కుటుంబాలకు ఆ పెట్టెలతో ఇంకో అనుబంధం కూడా ఉంది. గుమ్మం దాటితే ఒడియా, మరాఠీ, కన్నడం, తమిళం వినిపించే చోట పిల్లల చెవిన ఇంత తెలుగు పడిందంటే, పొద్దున్నే మోగిన ఘంటసాల భగవద్గీతకీ, బాలమురళి గొంతుకీ అందులో వాటా ఉంది. ఆనాడు వాటిని కొన్నవారిలో చాలామంది ఇప్పుడు డెబ్బై దాటారు. ఇల్లు మారేటప్పుడో, హాలుకు కొత్త హంగులు చేయించేటప్పుడో, ఈ పాత పెట్టెలు ఉంచాలా, ఇచ్చెయ్యాలా అన్న ప్రశ్న పిల్లల ముందుకు వస్తోంది. తొందరపడకుండా జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న ఇది.

సూత్రం మారలేదు

పాత టీవీకీ, పాత స్పీకరుకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పాతికేళ్ళ నాటి టీవీతో ఇవాళ మనకు పని లేదు. పాతికేళ్ళ నాటి మంచి స్పీకరు మాత్రం ఈనాటి ఆంప్లిఫయరుకు రెండు తీగలు కలిపితే చాలు, పాడుతుంది. కారణం ఏమిటంటే, అయస్కాంతం మధ్య సన్నని తీగచుట్ట, దానికి అంటించిన కాగితపు శంకువు, కరెంటు వస్తే ఆ శంకువు ముందుకీ వెనక్కీ కదలడం - ఈ ఏర్పాటును అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ప్రకటించారు. నూరేళ్ళు గడిచినా ఇళ్ళలోని స్పీకర్లలో అత్యధిక భాగం ఆ సూత్రం మీదే పనిచేస్తున్నాయి. 1954లో ఎడ్గార్ విల్చర్ గాలి చొరని చిన్న పెట్టెలోంచి కూడా లోతైన మంద్రస్వరం రప్పించే స్పీకరు తీసుకువచ్చాడు. ఆ పద్ధతి కూడా నేటికీ వాడుకలో ఉంది.

కొత్తవాటిలో మెరుగుదల లేదని దీని అర్థం కాదు. పెట్టె అదురు తగ్గించడంలో, పనితీరును కంప్యూటరుతో లెక్కగట్టడంలో చాలా అభివృద్ధి జరిగింది. ఒకే ధరలో చూస్తే ఈనాటి సాధారణ స్పీకరు ఆనాటి సాధారణ స్పీకరు కంటే మెరుగే. కాని ఆనాటి మేలురకం జతను ఈనాటి మధ్యరకం జతతో మార్చుకుని, పైన డబ్బు కూడా కట్టడం దండగమారి బేరం. చాలాచోట్ల జరుగుతున్నది అదే.

హోమ్ థియేటర్ రిసీవరు సంగతి వేరు. కొత్త టీవీలకు కలిపే వీలు లేకపోతే దాని విలువ త్వరగా పడిపోతుంది. అందుకే రిసీవరు, స్పీకర్లు, తీగలు అన్నీ కలిపి 'మొత్తానికి ఇంత' అంటే ఒప్పుకోకండి. దేని ధర దానికి విడిగా చెప్పించండి.

తరుగు ఎంత, మజూరీ ఎంత?

పాత బంగారం ఇచ్చి కొత్త నగ చేయించుకునేటప్పుడు మన ఆడవాళ్ళు తరుగు ఎంత, మజూరీ ఎంత అని నిలదీసి అడుగుతారు. అదే ఇంట్లో లక్ష రూపాయల స్పీకర్లు మార్చేటప్పుడు ఆ ప్రశ్న వేసేవారు ఉండరు.

ఒక ఉదాహరణ చూద్దాం. కొత్త జత మీద ముద్రించిన ధర 1,20,000 రూపాయలు అనుకోండి. మీ పాత జతకు 20,000 ఇస్తామన్నారు. లక్ష కడితే కొత్తవి మీవి. వినడానికి బాగానే ఉంది. కాని అదే దుకాణానికి పాతవి ఏమీ లేకుండా వెళ్ళి, రొక్కం ఇస్తాను, ఎంతకిస్తారని అడిగితే నూటికి 15 చొప్పున తగ్గించి 1,02,000కు ఇచ్చేవారనుకోండి. అప్పుడు మీ పాత స్పీకర్లకు నిజంగా ముట్టింది 20,000 కాదు, 2,000! మిగిలిన 18,000 ఎలాగూ మీకు రావలసిన తగ్గింపే.

కాబట్టి దుకాణంలో మొదట అడగవలసింది 'ఎక్స్ఛేంజి లేకుండా ఆఖరి ధర ఎంత?' అని. ఆ అంకె కాగితం మీద రాయించుకున్న తరువాతే పాత జత మాట ఎత్తాలి. ఈ అంకెకు చట్టంలో కూడా చోటుంది. 2017 నాటి జి.ఎస్.టి. నిబంధనల్లో 27వ నిబంధన ఇదే విషయాన్ని ఒక ఫోను ఉదాహరణతో చెబుతుంది. పాత ఫోను తీసుకుని కొత్తది 20,000కు ఇచ్చినా, ఎక్స్ఛేంజి లేకుండా దాని ధర 24,000 అయితే పన్ను లెక్కకు విలువ 24,000గానే తీసుకోవాలి. అంటే పాత వస్తువు ఇచ్చినంత మాత్రాన పన్నులో కలిసివచ్చేది ఏమీ లేదన్నమాట.

వ్యాపారి పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. పాత జతను అతను పరీక్షించాలి, లోపాలుంటే బాగుచేయించాలి, గిరాకీ వచ్చేదాకా దుకాణంలో చోటిచ్చి ఉంచాలి. అమ్మిన తరువాత ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పుకోవాలి. అందువల్ల బజారు ధరలో కొంత కోత కోయడం న్యాయమే. మనకు శ్రమ తప్పుతుంది గనుక ఆ కోత మనం ఇచ్చే కూలి అనుకోవచ్చు. ఆ కూలి ఎంతో తెలిసి ఇవ్వాలన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది.

చెడేది ఏది, నిలిచేది ఏది?

మంచి స్పీకరు మొత్తంగా చచ్చిపోవడం అరుదు. అందులో ఏదో ఒక చిన్న భాగం ముందుగా వార్ధక్యానికి వస్తుంది. ఎక్కువగా చెడేది వూఫరు అంచు. కోను చుట్టూ మెత్తగా ఉంగరంలా ఉండే ఆ అంచు కొన్ని కంపెనీలు పాలీయురథేన్ ఫోముతో చేసేవి. తేమకీ, వేడికీ, వెలుతురుకీ ఈ ఫోము పది, పదిహేనేళ్ళకు పొడిపొడిగా రాలిపోవడం మొదలుపెడుతుంది. చెన్నై, ముంబయి, యానాం వంటి చోట్ల ఉక్క గాలికి ఇంకా ముందే రాలినా ఆశ్చర్యం లేదు. రబ్బరు అంచులూ, మందు పూసిన గుడ్డ అంచులూ దీనికంటే చాలాకాలం మన్నుతాయి.

అంచు రాలిన స్పీకరు గరగరలాడుతుంది. అది చూసి 'పాడైపోయింది, ఇంకేం పనికొస్తుంది' అనుకుని వచ్చిన ధరకు వదిలేసేవారే ఎక్కువ. నిజానికి కోను, తీగచుట్ట, అయస్కాంతం బాగుంటే అంచు ఒక్కటే మార్చి అతికించవచ్చు. చెన్నై రిచీ స్ట్రీట్, బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, ముంబయి లామింగ్టన్ రోడ్డు వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో విచారిస్తే ఈ పని తెలిసిన మెకానిక్కుల ఆచూకీ దొరుకుతుంది. మరమ్మతు రెండు పెట్టెలకూ ఒకేసారి, ఒకే రకం అంచుతో చేయించాలి. లేకపోతే కుడి ఎడమల ధ్వని కలవదు. అంచు బదులు వూఫరు మొత్తం తీసి వేరే కంపెనీది బిగిస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. పెట్టె కొలతలు, లోపలి క్రాసోవరు ఆ అసలు వూఫరును బట్టి చేసినవి.

క్రాసోవరు అంటే మంద్రస్వరాలను వూఫరుకీ, హెచ్చుస్వరాలను ట్వీటరుకీ పంచిపెట్టే చిన్న పలక. దాని మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఏళ్ళు గడిచేకొద్దీ నీరసిస్తాయి. అప్పుడు పాటలో తాళాల మిలమిల, హల్లుల స్పష్టత తగ్గుతాయి. చెవి పాడైందేమో అనుకునే పెద్దలూ ఉన్నారు! ఆ కెపాసిటర్లు అదే విలువ గలవి తెచ్చి మార్చడం మంచి రేడియో మెకానిక్కుకు పెద్ద పనేం కాదు. తీసిన పాత భాగాలు కవరులో వేసి దాచండి. తరువాత కొనేవారు అడుగుతారు.

ఇంట్లోనే పరీక్ష

దుకాణానికి వెళ్ళేముందు ఈ పరీక్షలు మీరే చేసుకోవచ్చు.

ముందు గుడ్డ తీసి వూఫరు అంచు వెలుతురులో చూడండి. పగుళ్ళున్నాయా, జిగటగా ఉందా గమనించండి. ఫోము అంచు పాతదైతే వేలితో ముట్టుకోకండి, అక్కడికక్కడే ఊడివస్తుంది. అంచు గట్టిగా ఉంటే కోను మధ్యభాగానికి ఇరుపక్కలా వేళ్ళు ఆనించి అతి మెల్లగా లోపలికి నొక్కండి. లోపల గీరుకుంటున్న చప్పుడు వస్తే తీగచుట్ట పక్కకు ఒరిగిందని గుర్తు. ట్వీటరును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నొక్కకూడదు.

తరువాత ఆంప్లిఫయరు నుంచి తీగలు విప్పి, వెనక బిగించే చోట మల్టీమీటరు పెడితే 8 ఓముల స్పీకరు సుమారు ఆరేడు ఓములు చూపించాలి. అయితే ఇది సాధారణంగా వూఫరు సంగతే చెబుతుంది. ట్వీటరుకు ముందు కెపాసిటరు అడ్డంగా ఉంటుంది గనుక దాన్ని చెవితోనే పరీక్షించాలి. పాట చిన్నగా పెట్టి, ఒక్కో ట్వీటరు దగ్గర చెవి ఆనించి రెండూ సమానంగా పలుకుతున్నాయో లేదో వినండి.

చివరగా, వెనక చీటీ మీది మోడలు పేరు, సీరియల్ నంబర్లు రాసుకోండి. రెండు నంబర్లూ ఒకదాని తరువాత ఒకటిగానో, దగ్గరదగ్గరగానో ఉంటే జత విడిపోలేదన్నమాట. పాతవి సేకరించేవారు దీనికి విలువ ఇస్తారు.

పేరున్న జతలు

కొన్ని మోడళ్ళు మీ ఇంట్లో ఉన్నాయని తెలిస్తే మాత్రం మార్పిడి మాట కాసేపు పక్కన పెట్టండి.

బ్రిటన్‌కు చెందిన టానాయ్ కంపెనీ 1947లో తెచ్చిన డ్యుయల్ కాన్‌సెంట్రిక్ వాటిలో ఒకటి. వూఫరు నడిబొడ్డునే హెచ్చుస్వరాల యూనిట్ అమర్చి ఉంటుంది. క్వాడ్ కంపెనీ 1957 నాటి ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరులో కోను అనేదే ఉండదు. పల్చటి పొర ఒకటి వేల వోల్టుల విద్యుత్తు మధ్య కంపిస్తుంది. అందుకని తెలియనివారు దాన్ని విప్పడం ప్రమాదం.

బి.బి.సి. తన ప్రసార వాహనాల్లో వాడుకోవడానికి 1970లలో రూపొందించిన ఎల్.ఎస్. 3/5ఎ చూస్తే పిల్లల పుస్తకాల పెట్టెంత ఉంటుంది. పెద్ద చప్పుడు దానివల్ల కాదు గాని గొంతు వినిపించడంలో దానిది పెట్టింది పేరు. రోజర్స్, స్పెండార్ వంటి కంపెనీలు బి.బి.సి. అనుమతితో తయారుచేశాయి. పరిమాణం చూసి చవకగా అంచనా కట్టే ప్రమాదం దీనికే ఎక్కువ. అమెరికన్ కంపెనీ జె.బి.ఎల్. 1970లో తెచ్చిన ఎల్-100కు ఆదరణ ఎంత తగ్గలేదంటే, 2018లో అదే పోలికతో కొత్త మోడలు విడుదల చేసింది. యమహా 1974 నాటి ఎన్.ఎస్. 1000ఎం లో గుమ్మటాలు బెరీలియం లోహంతో చేసినవి. అవి పగిలితే ఆ ముక్కలు, పొడి చేత్తో తాకకూడదు. ఆ పొడి ఊపిరితిత్తులకు చెరుపు.

మన ఇళ్ళలో కనిపించే మరో జత బోస్ 901. 1968లో వచ్చిన ఈ స్పీకరులో ముందు ఒకటి, వెనక ఎనిమిది, మొత్తం తొమ్మిది చిన్న యూనిట్లుంటాయి. దీనితో వచ్చిన ఈక్వలైజరు పెట్టె లేకపోతే సరిగ్గా పాడదు. ఆ చిన్న పెట్టె ఏ అటక మీదో పడి ఉంటుంది. వెతికి తీసి కలిపి ఉంచండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పేరున్న కంపెనీ తయారుచేసిన ప్రతి పెట్టే పెన్నిధి కాదు. అదే బ్రాండు చిన్న ప్లాస్టిక్ డబ్బాల హోమ్ థియేటర్ సెట్లకు పాత బజారులో పెద్ద ధర పలకదు. విలువ మోడలును బట్టి ఉంటుంది.

కొత్తవి ఎంచుకునేటప్పుడు

స్పీకరు వివరాల్లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. డెసిబెల్స్‌లో చెబుతారు. అది మూడు డెసిబెల్స్ తగ్గితే అదే ధ్వనికి రెట్టింపు వాట్లు కావాలి. మీ పాత జత 90 అయి 20 వాట్లతో హాలు నిండా పాడుతుంటే, 84 ఉన్న కొత్త జతకు 80 వాట్లు కావలసి ఉంటుంది. అప్పుడు ఆంప్లిఫయరు కూడా మార్చాలంటారు. ఒక బేరం రెండు బేరాలవుతుంది. చాలని ఆంప్లిఫయరును బలవంతాన హెచ్చిస్తే ట్వీటర్లు కాలిపోవడం కూడా కద్దు.

దుకాణంలో వినిపించే విదేశీ వాద్యాల డిస్కుకు మురిసిపోకుండా మీకు నోటికొచ్చిన తెలుగు పాట తీసుకువెళ్ళండి. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో మీకు తెలుసు. ఆ చోటు వినిపిస్తోందో లేదో చూడండి. రెండు జతలు పోల్చేటప్పుడు ధ్వని సమానంగా పెట్టమనండి. కొంచెం గట్టిగా మోగేది మన చెవికి మంచిదనిపిస్తుంది. ఈ చిట్కా తెలియని వ్యాపారి ఉండడు. వీలైతే కొత్తవి రెండురోజులు ఇంటికి తెచ్చుకుని, మీ హాల్లో, మీ పాత జత పక్కనే పెట్టి ఇంటిల్లిపాదీ వినండి. పాతదే బాగుందని ఇంట్లో ఎవరైనా అంటే వారి మాట కొట్టిపారేయకండి.

ఏ దారి ఎవరికి?

సాధారణ రకం పెట్టెలైతే, మోసే ఓపిక లేకపోతే, బాగుచేసేవారు దగ్గరలో లేకపోతే దుకాణం మార్పిడే మేలు. తరుగు తెలిసి ఇస్తున్నాం గనుక బాధ ఉండదు.

మేలురకం జత అయితే తెలిసినవారికి నేరుగా అమ్మడం లాభం. కొనేవారిని ఇంటికి పిలిచి, వినిపించి, లోపముంటే ముందే చెప్పి అమ్మాలి. పార్శిలులో పంపడం మాత్రం గండమే. బరువైన అయస్కాంతాలు ఎత్తేసిన కుదుపుకు ఒరిగిపోతాయి. అసలు అట్టపెట్టె, లోపలి థర్మోకోలు ఉంటే తప్ప ఆ సాహసం వద్దు.

మూడో దారి ఉంచుకోవడం. అంచు, కెపాసిటర్లు మార్పించి, పెద్దవారి గదిలో ఒక చిన్న ఆంప్లిఫయరుతో పెడితే కొత్త జత హాల్లో ఉన్నా పాతది తన పని తాను చేసుకుపోతుంది. గోడకు, ఎండకు కాస్త దూరంగా ఉంచి వారానికి ఒకసారైనా మోగిస్తే మంచిది. ఏ దారీ లేక పారెయ్యవలసి వస్తే పాత ఇనుము వాడికి కాకుండా, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణదారుకు అప్పగించండి.

ఏ దారి పట్టినా ఇవాళే చేయదగిన పని ఒకటుంది. ఒక తెల్లకాగితం మీద మోడలు పేరు, సీరియల్ నంబర్లు, ఏ సంవత్సరంలో వచ్చాయి, ఎవరు తెచ్చారు, ఏ మరమ్మతు ఎప్పుడు చేయించారు అన్నది రాసి, పాత బిల్లు ఉంటే దానికి జతచేసి, ఇంటి కాగితాల ఫైలులో పెట్టండి. పెద్దవారు ఉన్నప్పుడే వారిని అడిగి రాయండి. ఆ పెట్టెల కథ తెలిసినవారు ఇంట్లో వారొక్కరే కావచ్చు. రేపు పిల్లలు ఉంచుకున్నా, అమ్మినా, ఏం చేస్తున్నామో తెలిసి చేస్తారు.